అయ్యగారు నెలకోసారి.. ఆరాధన ఏడాది పొడవునా

పిడికెడు బియ్యం, కోత పండుగ, సంఘ పెద్దల శ్రమతో నిలుస్తున్న పల్లె చర్చి

డోర్నకల్: ఆదివారం ఉదయం పల్లె చర్చిలో మొదటి గంట మోగుతుంది. అరగంటకు రెండో గంట. మూడో గంట నాటికి చాపలు పరచి ఉంటాయి, హార్మోనియం పెట్టె తెరచి ఉంటుంది, పురుషులు ఒకవైపు, స్త్రీలు మరోవైపు కూర్చుని ఉంటారు. ఆరాధన నడిపించే గురువు మాత్రం కనిపించరు. ఆ సమయానికి ఆయన మరో ఊరిలో ఉంటారు. గంట కొట్టిన రైతే ముందుకు వచ్చి ప్రార్థన ప్రారంభిస్తారు. టైలరింగ్ చేసే గృహిణి వేదపాఠం చదువుతారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు వాక్యం చెబుతారు. కానుకలు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, తలుపు తాళం వేసి అందరూ పొలాల దారి పడతారు.

మహబూబాబాద్ జిల్లా డోర్నకల్ పరిసరాల్లోని అనేక గ్రామాల్లో నెలలో మూడు ఆదివారాలు కనిపించే దృశ్యమిది. క్రిస్మస్ రోజు విద్యుద్దీపాల మధ్య చర్చిని చూసేవారికి మిగతా 364 రోజులు అది ఎలా నడుస్తుందో అంతగా తెలియదు. జీతం లేని సంఘ పెద్దలు, పిడికెడు బియ్యం తీసిపెట్టే మహిళలు, పంటలో తొలి భాగం తెచ్చే రైతు కూలీలే దానికి ఆధారం. వ్యవసాయ పనులతో పెనవేసుకున్న ఈ ఏడాది క్రమాన్ని, అందులో ఎవరి బాధ్యత ఏమిటన్న దానిని, వలసల వల్ల దానికి ఎదురవుతున్న ఇబ్బందులను వివరించే ప్రయత్నమే ఈ కథనం.

నూట పన్నెండేళ్లకు పైబడిన పునాది

డోర్నకల్ పేరు చెప్పగానే రైల్వే జంక్షన్‌తో పాటు గుర్తుకు వచ్చే మరో పేరు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో 1874లో జన్మించిన ఆయన, 1903లో తిరునల్వేలి క్రైస్తవులు సొంతంగా స్థాపించుకున్న మిషనరీ సంఘం వ్యవస్థాపకులలో ఒకరు. ఆ సంఘం తరఫున 1909లో డోర్నకల్ చేరుకుని తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

అప్పట్లో నిజాం పాలనలో ఉన్న ఈ ప్రాంతంలో ఊరూరా గురువును నియమించడానికి మనుషులు లేరు, నిధులూ లేవు. విదేశాల నుంచి వచ్చే డబ్బుపై ఆధారపడిన సంఘం తన కాళ్లపై తాను నిలబడలేదని అజరయ్య గట్టిగా నమ్మారు. ఎంత పేదవారైనా తమ సంఘానికి తామే ఇవ్వాలని బోధించారు. క్రైస్తవుల ఇవ్వడం గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. పాటలు, పండుగలు ఈ నేల పద్ధతిలోనే ఉండాలని కోరుకున్నారు. కోత పండుగలను ప్రోత్సహించారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ ఎపిఫనీ కేథడ్రల్‌లో దేవాలయ స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల పోలిక, చర్చి నిర్మాణ రీతి కలగలిసి ఉండటం ఆయన ఆలోచనకు నిదర్శనం.

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, తదితర సంఘాల కలయికతో దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ ఏర్పడింది. డోర్నకల్ ప్రాంత సంఘాలు అందులో భాగమయ్యాయి. పేరు మారినా పల్లె చర్చి నడిచే తీరు మాత్రం పెద్దగా మారలేదు.

ఒక గురువు.. ఎన్నో గ్రామాలు

సీఎస్ఐ వ్యవస్థలో కొన్ని గ్రామాల సంఘాలను కలిపి ఒక పాస్టరేట్‌గా పరిగణిస్తారు. దానికి ఒక గురువు ఉంటారు. గ్రామస్థులు ఆయనను ‘అయ్యగారు’ అని, ఆయన సతీమణిని ‘అమ్మగారు’ అని గౌరవంగా పిలుస్తారు. పాస్టరేట్‌లు కొన్ని కలిసి డయాసిస్ అవుతుంది. దానికి అధిపతి బిషప్.

గురువు ఒక్కో ఆదివారం ఒక్కో గ్రామానికి వెళ్లాలి. అందువల్ల ఒక గ్రామానికి ఆయన రాక నెలకు ఒకసారే సాధ్యమవుతుంది. గ్రామాలు ఎక్కువగా ఉన్నచోట ఈ వ్యవధి ఇంకా పెరుగుతుంది. ప్రభు సంస్కార విందు ఇచ్చే అధికారం అభిషేకం పొందిన గురువుకే ఉంటుంది కనుక ఆయన వచ్చే ఆదివారమే ఊరికి సంస్కారపు ఆదివారం. ఆ రోజు చర్చి నిండుతుంది. బిడ్డలకు బాప్తిస్మం ఇప్పించుకునేవారు, తగవులు విన్నవించుకునేవారు, రోగుల ఇళ్లకు రమ్మని అడిగేవారు ఆయన కోసం వేచి ఉంటారు.

మిగతా ఆదివారాల భారం సంఘ పెద్దలదే. ప్రార్థన, పఠనం, వాక్య బోధ, పాటలు నడిపేందుకు ఎవరికీ అడ్డంకి లేదు. కొన్నిచోట్ల ఉపదేశి ఉంటారు. లేనిచోట చదువు వచ్చినవారు వంతులవారీగా నడిపిస్తారు. ఆరాధన ఎవరు నడిపించారు, ఎంతమంది వచ్చారు, కానుక ఎంత వచ్చిందన్న వివరాలను ఒక రిజిస్టరులో నమోదు చేస్తారు. బాప్తిస్మాలకు, వివాహాలకు, భూస్థాపనలకు వేర్వేరు రిజిస్టర్లు ఉంటాయి. జనన ధ్రువీకరణ పత్రాలు లేని తరం వారికి చర్చిలోని బాప్తిస్మపు నమోదే వయసుకు తొలి ఆధారం కావడం గమనార్హం.

ఏడాది మొదలయ్యేది నవంబరు చివరన

గోడ మీది క్యాలెండరుకు జనవరి ఒకటి కొత్త సంవత్సరమైతే, చర్చి ఏడాది మాత్రం నవంబరు 30కి దగ్గరగా ఉండే ఆదివారం నుంచి ఆరంభమవుతుంది. అక్కడి నుంచి నాలుగు ఆదివారాలను ఆగమన కాలం అంటారు. సరిగ్గా ఇదే సమయంలో వరి కోతలు ముగింపు దశలో ఉంటాయి, పత్తి ఏరడం సాగుతుంటుంది. పగలంతా పొలంలో గడిపిన యువకులు రాత్రి భోజనాల తర్వాత చర్చి వద్ద చేరి వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితాలు అతికించి నక్షత్రం తయారుచేస్తారు. ఇప్పుడు బజారులో సిద్ధంగా ఉన్న నక్షత్రాలు దొరుకుతున్నా, చర్చి శిఖరానికి కట్టే పెద్ద నక్షత్రాన్ని చేతితో చేసే ఊళ్లు ఇంకా ఉన్నాయి.

క్రిస్మస్‌కు ముందు రాత్రుల్లో పాటల బృందం ఇంటింటికీ తిరుగుతుంది. డోలక్, కంజిర, తాళాలతో పాటలు పాడి, ప్రార్థన చేసి, ఆ ఇంటివారు ఇచ్చే కానుకను డబ్బాలో వేసుకుంటుంది. ఈ డబ్బుతోనే పండుగ రోజు సంఘ భోజనానికి సరుకులు వస్తాయి. క్రైస్తవేతరుల ఇళ్లవారు సైతం బృందాన్ని పిలిచి టీ ఇవ్వడం పల్లెల్లో సాధారణం.

పండుగ రోజు గురువుకు ఊపిరి సలపదు. ఒకే రోజు పలు గ్రామాల్లో ఆరాధన జరపాలి. అందుకే కొన్ని ఊళ్లలో తెల్లవారుజామున, మరికొన్నింట మధ్యాహ్నం ఆరాధన ఉంటుంది. దూరపు బంధువులను చూసేందుకు, మొక్కు తీర్చుకునేందుకు కొన్ని కుటుంబాలు మెదక్ కేథడ్రల్‌కు వెళ్తాయి. కరవు కాలంలో పనులు కల్పించి రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ నిర్మింపజేసిన ఆ మహామందిరం ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది. అయితే పండుగనాడు సొంత ఊరి చర్చిలో కూర్చోవడమే గౌరవంగా భావించేవారే అధికం. హైదరాబాద్‌లో పనులకు వెళ్లినవారు ఏడాదికి ఒక్కసారైనా ఊరికి వచ్చే రోజు ఇదే.

డిసెంబరు 31 రాత్రి మరోసారి గంట మోగుతుంది. అర్ధరాత్రి దాటేవరకు ప్రార్థన సాగుతుంది. ఆ తర్వాత ఒక్కో కుటుంబానికీ ‘వాగ్దానం’ చీటీ అందుతుంది. ఆ ఏడాదికి తమకు వచ్చిన వాక్యం అదేనని భావించి చాలా ఇళ్లలో దాన్ని గోడకు అతికించుకుంటారు.

మిర్చి ఏరే రోజుల్లో ఉపవాసాలు

జనవరి నుంచి మిర్చి తోటల్లో ఏరుడు పనులు ఊపందుకుంటాయి. కుటుంబాలకు కుటుంబాలే ఉదయం చీకటితో వెళ్లి సాయంత్రం ఘాటు నిండిన బట్టలతో తిరిగి వస్తాయి. శ్రమకాలం ఈ రోజుల్లోనే వస్తుంది. భస్మ బుధవారంతో మొదలై ఈస్టర్‌కు ముందు రోజు వరకు ఆదివారాలు మినహాయిస్తే నలభై రోజులు. ఈస్టర్ తేదీ చంద్రగమనాన్ని బట్టి మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 మధ్య మారుతుంటుంది కనుక ఈ నలభై రోజులు కూడా ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి.

ఎర్రటి ఎండలో కూలి పనిచేసేవారికి రోజంతా ఉపవాసం కష్టం. అందుకే చాలామంది ‘ఒక్కపొద్దు’ ఉంటారు. కొందరు మాంసాహారం మానేస్తారు. మరికొందరు మానుకున్న పూట ఖర్చును చిన్న డబ్బాలో వేసి ఈస్టర్ నాడు చర్చికి ఇస్తారు. ఈ రోజుల్లో పెళ్లిళ్లు పెట్టుకోరు. వారానికి ఒకటి రెండు రాత్రులు ఒక్కో ఇంట్లో గృహ ప్రార్థన ఉంటుంది. రాత్రి ఎనిమిది దాటాక గానీ జనం చేరరు. ప్రార్థన తర్వాత ఆ ఇంటివారు పెట్టే బెల్లం టీ, శనగలతోనే ముగుస్తుంది. అప్పులు, పిల్లల చదువు, అల్లుడి తాగుడు, ఆసుపత్రి ఖర్చు.. ఒకరి కష్టం మరొకరికి తెలిసేది ఆ చాపల మీదే. మర్నాడు పనికి రాలేని కుటుంబానికి ఎవరైనా తోడు వెళ్లాలన్న నిర్ణయమూ అక్కడే జరుగుతుంది.

మార్చి మొదటి శుక్రవారం మహిళల ప్రపంచ ప్రార్థన దినం. ఏటా ఒక దేశపు మహిళలు సిద్ధం చేసిన ప్రార్థన క్రమాన్ని లోకమంతటా అదే రోజు చదువుతారు. మిర్చి ఏరి వచ్చిన చేతులతో ఇక్కడి మహిళలు, తాము ఎన్నడూ చూడని దేశపు స్త్రీల కోసం ప్రార్థించడం విశేషం.

ఏడు మాటలు.. ఏడుగురు వక్తలు

ఈస్టర్‌కు ముందు ఆదివారం మట్టల ఆదివారం. ఈత, తాటి మట్టలకు ఈ ప్రాంతంలో కొరత లేదు. పిల్లలు ముందు రోజే మట్టలు కోసుకొచ్చి చర్చి అరుగుపై నీళ్లు చల్లి ఉంచుతారు. ఉదయం ఊరేగింపుగా వీధుల్లో తిరిగి చర్చికి చేరతారు.

శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల వరకు ఆరాధన ఉంటుంది. సిలువపై క్రీస్తు పలికినట్లు సువార్తల్లో ఉన్న ఏడు మాటలపై ఏడు ప్రసంగాలు జరగాలి. ఒక గురువు ఏకకాలంలో అన్ని గ్రామాల్లో ఉండలేరు. అందువల్ల ప్రతి ఊరిలోనూ వారం ముందే మాటలు పంచుకుంటారు. ఒకటి సంఘ పెద్దకు, ఒకటి స్త్రీల మైత్రి సభ్యురాలికి, ఒకటి కళాశాలకు వెళ్లే కుర్రవాడికి. సభలో ఎన్నడూ నోరు విప్పని వ్యక్తి మొదటిసారి పది నిమిషాలు నిలబడి మాట్లాడేది ఆ రోజే. గురువు లేని లోటు నుంచే ఊరికి మాట్లాడగల మనుషులు తయారు కావడం ఈ పద్ధతిలోని మేలు.

ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులతో సమాధుల స్థలానికి వెళ్తారు. అంతకు ముందే సమాధులకు సున్నం వేసి, చుట్టూ ముళ్లకంప తొలగించి ఉంచుతారు. బంతిపూలు, కొవ్వొత్తులు పెట్టి, పాటలు పాడి, సూర్యోదయానికి చర్చికి తిరిగి వస్తారు. సొంత సమాధుల స్థలం ఉన్న సంఘాలకు ఇది సజావుగా సాగుతుంది. లేని సంఘాలు చెరువు గట్టునో, వాగు ఒడ్డునో ఉన్న చోటే ఉదయ ప్రార్థన జరుపుకోవాల్సి వస్తోంది. మరణం సంభవించినప్పుడు ఈ కొరత మరింత బాధ కలిగిస్తుంది.

వేసవి బడి.. పెళ్లి ప్రకటనలు

పరీక్షలు ముగిసి బడులకు సెలవులు ఇవ్వగానే చర్చిలో పిల్లల సందడి మొదలవుతుంది. వారం పది రోజుల పాటు జరిగే ఈ వేసవి బడిని వీబీఎస్ అంటారు. పాటలు, కథలు, బొమ్మలు గీయడం, చివరి రోజు ప్రదర్శన ఉంటాయి. ఇంటర్, డిగ్రీ చదివే అమ్మాయిలే ఉపాధ్యాయులు. మతంతో సంబంధం లేకుండా వాడకట్టులోని పిల్లలందరూ వచ్చి కూర్చుంటారు. పదిమంది ముందు ధైర్యంగా మాట్లాడటం ఇక్కడే నేర్చుకున్నామని చెప్పేవారు ఈ పల్లెల్లో తారసపడుతుంటారు.

శ్రమకాలంలో ఆగిన పెళ్లిళ్లు ఈస్టర్ తర్వాత జరుగుతాయి. సీఎస్ఐ చర్చిల్లో వివాహానికి ముందు వధూవరుల పేర్లను మూడు ఆదివారాలు ప్రకటించడం ఆచారం. అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చు. క్రైస్తవ వివాహాలకు 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు గంటల మధ్యే వివాహం జరిపించాలి. సాక్షుల సంతకాలతో రిజిస్టరులో నమోదు తప్పనిసరి. వధువుకు 18, వరుడికి 21 ఏళ్లు నిండాలి. గురువు వయసు ధ్రువపత్రం అడిగినందుకు వాయిదా పడి, ఆగిపోయిన బాల్య వివాహాలూ లేకపోలేదు. ఆరాధన నడపడానికి ఎవరైనా సరిపోతారు గానీ, పెళ్లి జరిపించడానికి చట్టప్రకారం అర్హత ఉన్నవారే కావాలన్న విషయాన్ని తల్లిదండ్రులు గుర్తించాలి. రిజిస్టరు లేనిచోట జరిగిన పెళ్లికి ధ్రువపత్రం కావాల్సి వచ్చినప్పుడు తిప్పలు తప్పవు.

వానాకాలం.. కానుకల పెట్టె తేలిక

ఈస్టర్ నుంచి యాభయ్యో రోజున పెంతెకొస్తు వస్తుంది. దానితోపాటే తొలకరి. కొన్ని పల్లెల్లో విత్తనాలను చర్చికి తెచ్చి ప్రార్థన చేయించుకున్న తర్వాతే దుక్కిలో వేస్తారు. వానలు ఆలస్యమైతే ప్రత్యేక ప్రార్థనలు జరుగుతాయి.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు చేతిలో డబ్బు ఆడని కాలం. విత్తనాలు, ఎరువులు, పిల్లల బడి ఖర్చులు ఒక్కసారిగా మీద పడతాయి. నాట్ల కాలంలో ఆదివారం సైతం పని ఆగదు. ఆరాధనకు వచ్చేవారిలో వృద్ధులు, పిల్లలే ఎక్కువ. చర్చి పైకప్పు కారేదీ ఈ రోజుల్లోనే, మరమ్మతుకు డబ్బు లేనిదీ ఈ రోజుల్లోనే. పండుగలు లేని ఈ నాలుగు నెలలే సంఘానికి అసలైన పరీక్ష. సెప్టెంబరు 27న సీఎస్ఐ ఆవిర్భావ దినం జరుపుకునే నాటికి పొలాలు పచ్చబడతాయి, జనం మళ్లీ చేరడం ఆరంభిస్తారు.

గుమ్మడికాయకు మూడుసార్లు పాట

ఏడాదిలో పల్లెకు అన్నింటికంటే ప్రీతికరమైనది కోత పండుగ. వానాకాలపు పంట ఇంటికి చేరాక, గురువుకు వీలు కుదిరిన రోజు చూసుకుని ఒక్కో ఊరు ఒక్కో ఆదివారం జరుపుకుంటుంది. అందుకే ఈ పండుగకు క్యాలెండరులో స్థిరమైన తేదీ లేదు.

ఆ ఉదయం చర్చి గుమ్మానికి వరి కంకుల తోరణం కడతారు. రైతు ధాన్యం బస్తా తెస్తాడు. కౌలు రైతు కుంచెడు గింజలు తెస్తాడు. పత్తి, మిర్చి, మక్క కంకులు, సొరకాయలు, గుమ్మడికాయలు, కోడిగుడ్లు బలిపీఠం ముందు పోగవుతాయి. కాళ్లు కట్టిన కోడిపుంజులు ప్రసంగం మధ్యలో కూస్తుంటాయి. మేకపిల్ల అరుపుకు పిల్లలు నవ్వుతుంటారు. భూమి లేనివారు ఒకరోజు కూలిని కవరులో పెట్టి ఇస్తారు. కొత్తగా ఉద్యోగం వచ్చినవారు తొలి జీతంలో భాగం తెస్తారు. ఇచ్చినదాని పరిమాణాన్ని బట్టి కాక ఇచ్చిన మనిషిని చూసి అందరి పేర్లనూ ఒకే వరుసలో చదవడం ఇక్కడి పద్ధతి.

ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో వేలంపాట మొదలవుతుంది. మాటకారి అయిన వ్యక్తి పాట నిర్వహిస్తాడు. పది రూపాయల గుడ్డు వందకు పోతుంది. గుమ్మడికాయను ఒకరు పాడుకుని తిరిగి చర్చికే ఇచ్చేస్తారు. మళ్లీ పాట. ఒకే కాయకు మూడుసార్లు డబ్బు వస్తుంది. ఊరిలోని ఇతర మతాలవారు, కిరాణా వ్యాపారులు, ప్రజాప్రతినిధులు కూడా పాటలో పాల్గొంటారు. ధర కోసం పాడే పాట కాదని అందరికీ తెలుసు. కోడిని ఎక్కువ ధరకు పాడిన వ్యక్తి దానిని వితంతువు ఇంటికి పంపడమూ కద్దు.

వచ్చిన మొత్తాన్ని అక్కడికక్కడే లెక్కించి మైకులో ప్రకటిస్తారు. అందులో నిర్ణయించిన వాటా పాస్టరేట్‌కు చేరుతుంది. గురువు జీతానికి, డయాసిస్ ఖర్చులకు ఆధారం ఇలా ఊరూరి నుంచి చేరే వాటాలే. మిగిలినది సున్నానికి, చాపలకు, కరెంటు బిల్లుకు, పైకప్పు మరమ్మతుకు. వర్షాభావం వల్లనో, తెగులు వల్లనో పంట పోయిన ఏడాది పండుగ చిన్నదవుతుంది. ఊరి పంట పరిస్థితి తెలుసుకోవాలంటే కోత పండుగ లెక్క చూస్తే చాలు.

పిడికెడు బియ్యం లెక్క

కోత పండుగ ఏడాదికోసారి. రోజువారీ ఆధారం మాత్రం వంటింట్లో ఉంది. అన్నం వండే ముందు ఎసట్లో పోయాల్సిన బియ్యంలో నుంచి పిడికెడు తీసి వేరే కుండలో వేయడం ఈ ఆచారం. ఆదివారం దాన్ని చర్చికి తెచ్చి పెద్ద డబ్బాలో పోస్తారు. ఈశాన్య రాష్ట్రమైన మిజోరంలో 1910లో ప్రారంభమైన ఇటువంటి పద్ధతి అక్కడి సంఘాలకు నేటికీ పెద్ద ఆదాయ వనరు.

లెక్క చిన్నదే. నలభై ఇళ్లున్న సంఘంలో రోజుకు ఇంటికి 50 గ్రాముల చొప్పున తీస్తే రెండు కిలోలు. నెలకు 60 కిలోలు. ఒక్క ఇంటికీ భారం తెలియదు. కానీ ఒంటరి వృద్ధురాలికి నెల గ్రాసం, చావు ఇంటికి మూడు రోజుల వంట, సంఘ భోజనం అందులోంచే వెళ్తాయి. మిగిలిన బియ్యం అమ్మిన డబ్బు ఖాతాలో జమవుతుంది.

ఈ లెక్కంతా స్త్రీల మైత్రి చేతుల్లో ఉంటుంది. ఎవరింట్లో రెండు వారాలుగా బియ్యం రాలేదో వారికి తెలుస్తుంది. రాకపోతే నిలదీయరు. ఆ ఇంట్లో ఇబ్బంది ఉందేమోనని వెళ్లి చూసివస్తారు. ఇచ్చే ఇల్లు తీసుకునే ఇల్లుగా మారిన సంగతి నలుగురికి తెలియకుండా సర్దుబాటు చేయగలిగేదీ వారే. ఇంత బాధ్యత మోసే మహిళలు చాలాకాలం నిర్ణయాలకు దూరంగానే ఉన్నారు. సీఎస్ఐ గురుత్వంలోకి మహిళలను అనుమతించిన తర్వాత పరిస్థితి మారుతోంది. 2013లో నంద్యాల డయాసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత బిషప్ కావడంతో సీఎస్ఐకి తొలి మహిళా బిషప్‌ను అందించిన ఘనత తెలుగు నేలకే దక్కింది.

బడిగా మారిన గుడి

ఈ ప్రాంతంలో తొలి తరం క్రైస్తవుల్లో అత్యధికులు మాల, మాదిగ వాడలవారు. ఊరి బడిలో చోటు దొరకని రోజుల్లో చర్చి గదే వారికి బడి. ఆదివారం ఆరాధన, మిగతా రోజుల్లో పలక బలపం. పాటల పుస్తకం చదవాలన్న కోరికతో అక్షరాలు నేర్చుకున్న వృద్ధులు ఎందరో. పందొమ్మిదో శతాబ్దపు కవి పురుషోత్తమ చౌదరి రచించిన కీర్తనలు పుస్తకం చూడకుండా పాడగల రైతు కూలీలు ఇప్పటికీ పల్లెల్లో ఉన్నారు.

చర్చిలో సమానంగా కూర్చున్నా కాగితంపై సమస్య మిగిలే ఉంది. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి వచ్చిన దళితులు ఆ జాబితాలో లేరు. తెలుగు రాష్ట్రాల్లో వారిని బీసీ-సీ వర్గం కింద పరిగణించి ఒక శాతం రిజర్వేషన్ కల్పించారు. ఈ అంశం పరిశీలనకు 2022లో కేంద్రం జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ నేతృత్వంలో కమిషన్‌ను నియమించింది. ఆగస్టు 10ని నిరసన దినంగా పాటించే సంఘాలు ఉన్నాయి. పిల్లల ఉద్యోగాలు, ఉపకార వేతనాల భయంతో రిజిస్టరులో పేరు నమోదుకు వెనుకాడే కుటుంబాలూ లేకపోలేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమని నమోదైన అంకెను ఈ నేపథ్యంలోనే చూడాల్సి ఉంటుంది.

తాళంచెవి ఎవరికి?

ఇన్నేళ్లుగా సాగిన ఈ ఏర్పాటుకు ఇప్పుడు ఎదురవుతున్న సమస్య పేదరికం కాదు, మనుషుల కొరత. చదువుకున్న యువత హైదరాబాద్, ఖమ్మం, వరంగల్ నగరాలకు తరలిపోతోంది. వేదపాఠం చదివేవారికి కంటిచూపు తగ్గుతోంది. హార్మోనియం వాయించే వ్యక్తి మరణిస్తే ఆ పెట్టె మూతపడుతోంది. నగరాలకు వెళ్లినవారు ఫోన్ ద్వారా డబ్బు పంపుతున్నారు. చర్చికి రంగులు వేయించి, మైకు సెట్లు కొనిస్తున్నారు. దాంతో పాత పెంకుటిళ్ల స్థానంలో స్లాబు చర్చిలు లేస్తున్నాయి. కానీ డబ్బు పంపినవారు గృహ ప్రార్థనలో చాపపై కూర్చోలేరు, రోగి ఇంటికి వెళ్లలేరు, శుభ శుక్రవారం ఏడు మాటల్లో ఒకటి చెప్పలేరు.

కొన్ని సంఘాలు ఈ లోటును ముందే గుర్తించి జాగ్రత్త పడుతున్నాయి. పదో తరగతి దాటిన పిల్లలకు నెలలో ఒక ఆదివారం ఆరాధన బాధ్యత అప్పగిస్తున్నాయి. బిషప్ వచ్చి కన్ఫర్మేషన్ ఇచ్చే ముందు జరిగే తరగతుల్లోనే రిజిస్టరు రాయడం, కానుకల లెక్క చూడటం నేర్పుతున్నాయి. సంఘ పెద్దల కమిటీలో మహిళలకు, యువతకు చోటు కల్పిస్తున్నాయి. సెలవులకు ఊరికి వచ్చేవారు రెండు రోజుల పండుగతో సరిపెట్టుకోక, ఒక వాన ఆదివారమైనా వచ్చి కూర్చుంటే పెద్దలకు ఊరట కలుగుతుంది.

గురువు నెలకోసారి వస్తారు. బిషప్ రాక అంతకంటే అరుదు. మిగతా రోజుల్లో చర్చి తాళంచెవి ఎవరో ఒక రైతు ఇంటి గూట్లోనే ఉంటుంది. ఆదివారం ఆరాధన ముగిశాక రిజిస్టరులో ‘నడిపించినవారు’ అన్న గడి ఎదుట ఒక పేరు రాయాలి. ఆ గడి ఖాళీగా లేనంతకాలం పల్లె చర్చికి ఢోకా లేదు.